దేముడమ్మ చోడంబలి

కోటబొమ్మాళి సంతకు నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న ఆ ఊళ్ళో, పొద్దున్నపూట దేముడమ్మను పలకరించకుండా వీధి దాటినవాళ్ళు లేరు. ఆవిడ దాటనిస్తే కదా! ఇంటి ముందు అరుగు మీద బాసింపట్టు వేసుకుని, చోడంబలి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ వచ్చేపోయేవాళ్ళందరి కూపీ లాగేది. ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో, ఎవరి గేదె ఈనిందో ఆ అరుగు మీద తేలవలసిందే.

ఇంట్లో అన్నానికి లోటు లేదు. సొంత మడి ఉంది, గాదెలో ధాన్యం ఉంది. కోడలు ఈశ్వరి వేళకు వేడన్నం వండి పిలుస్తూనే ఉంటుంది. "ఆ తెల్లన్నం తింటే నాకు తిన్నట్టుండదే" అనేది దేముడమ్మ. అందుకని చోళ్ళ పిండి, అదే రాగిపిండి, ముందురోజే నానేసి పులియబెట్టి, తెల్లారగానే నూకలు వేసి కాచడం కోడలి పని. పులుపు కాస్త తగ్గిందా, ఆ పూటంతా ముసలమ్మ పేచీయే. అయినా ఈశ్వరి ఏనాడూ విసుక్కోలేదు.

మనవరాలు దుర్గాభవాని శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. కాలేజీలో 'మా ఊరు' అని ఫోటోల ప్రదర్శన పెడుతున్నామనీ, ఎవరి ఊరిని వాళ్ళు ఫోనులో పట్టుకురావాలనీ యుగంధర్ సారు చెప్పారు. ఒకమ్మాయి సముద్రాన్ని తెచ్చింది. ఒకబ్బాయి బొబ్బిలి కోటను తెచ్చాడు. భవాని దగ్గర ఏముంది? మడి, గట్టు, అరుగు. చూపించుకోవడానికి కూడా పనికిరాని ఊళ్ళో పుట్టానని ఆ పిల్లకు తల కొట్టేసినట్టయింది. అలాంటి సమయంలో సారు, "చూసినవాళ్ళ గుండె కలుక్కుమనాలి, అదీ ఫోటో అంటే" అన్నారు. భవాని ఆ మాట పట్టుకుని ఆదివారం ఇంటికి వచ్చింది.

ఫోటో అనగానే దేముడమ్మ గిన్నె పక్కన పెట్టి లేచింది.

"ఉండే, మంచి సీర కట్టుకొస్తాను. మొకానికి కొంచెం పవుడరు కూడా రాసుకుంటాను."

"వద్దు మామ్మా! అలాగే కూకో. గిన్నె పట్టుకో. నవ్వకు, కిందకి సూడు."

"నవ్వకుండా ఫోటో ఏటే, సచ్చిపోయినోలికి తీసినట్టు?"

అంటూనే మనవరాలి ముచ్చట తీర్చడానికి ఆ చిరుగు చీరలోనే మూతి బిగించి తల వంచింది. సరిగ్గా అప్పుడే ఈశ్వరి వచ్చి, అత్తగారి పక్కన నిలబడి, రాత్రి మిగిలిన చేపల పులుసు గరిటెతో వడ్డించింది. గాజుల చెయ్యీ, పులుసు గిన్నే కూడా ఫోటోలో పడ్డాయి.

హాస్టల్లో కూర్చుని భవాని ఆ ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ చెయ్యి ఉంటే ఎవరి గుండే కలుక్కుమనేలా లేదు. ఎవరో ఒక ముసలావిడ సుఖంగా టిఫిను చేస్తున్నట్టుంది. భవాని అమ్మ చేతిని కత్తిరించేసింది. దాంతో పులుసు గిన్నె కూడా పోయింది. చిరుగు చీర, సొట్టగిన్నె, వంచిన తల మాత్రం మిగిలాయి. రంగులు తీసేసి, కింద 'ఆకలి' అని పేరు పెట్టింది.

మొదటి బహుమతి దానికే వచ్చింది. "మీ ఊళ్ళో ఇంకా ఇలాగే ఉన్నారా?" అని ఒకమ్మాయి కళ్ళొత్తుకుంటే భవాని ఔనన్నట్టు తలూపింది. ఎవరూ బలవంతపెట్టలేదు, తనే ఊపింది. అది గుర్తొస్తే ఇప్పటికీ ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది ఆ పిల్లకు.

ఫోటో ఫోన్లలో పడి ఊళ్ళు తిరిగింది. తిరిగి తిరిగి చీపురుపల్లిలో ఉన్న దేముడమ్మ కూతురు లక్ష్మణమ్మ కంటపడింది. భవాని బహుమతి పట్టుకుని ఇంటికి వచ్చిన రోజే ఆ మేనత్త కూడా రైలు దిగింది.

"మాయమ్మకి ఇంత అన్నం ముద్దెట్టడానికి నీకు సెయ్యి రాకపోతే నాకు సెప్పాల! నాను తీసుకుపోదును కాదేటి?" అని వీధి మొదట్లోంచే అందుకుంది.

ఈశ్వరి నీరుగారిపోయింది. "ఓలమ్మ, అదేటి మాట వదినా?" అని మాత్రం అనగలిగింది. జనం మూగారు. దేముడమ్మ అంబలి సంగతి తెలియని ఇల్లు ఆ వీధిలో లేదు. అయినా తెలిసినవాళ్ళే ఆ రోజు ఈశ్వరిని ఎగాదిగా చూశారు.

"బయటోలు రాస్తే అబద్దమనుకుందుము. ఆకలని ఇంటిగుంటే, సొంత మనవరాలే రాసినాది కదా" అంది ఎదురింటి గౌరి.

"నాకేటి ఆకలే? నా కోడలు పెట్టినట్టు ఎవులెడతారే?" అని దేముడమ్మ అరుగు మీంచి గొంతు చించుకుంది. పాపం, కోడలికి భయపడి అంటోందని జనం నిట్టూర్చారు.

భవాని జనాన్ని తోసుకుని ముందుకు వచ్చింది. ఫోనులో అసలు ఫోటో తీసి మేనత్త చేతిలో పెట్టింది.

"ఇది అమ్మ సెయ్యే అత్తా. పులుసు ఏస్తన్నాది. నానే కోసేసినాను."

లక్ష్మణమ్మ ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది.

"ఎందుకే?"

"అలాగైతే బాగుంటాదని."

ఊరిని చూపించమంటే ఊరంటే తనకున్న చిన్నచూపును చూపించి వచ్చింది. దానికి చప్పట్లు కూడా కొట్టించుకుంది. చేతిలో ఉన్న బహుమతిని ఎక్కడ పడేయాలో తెలియక వెనక్కి పెట్టుకుంది.

లక్ష్మణమ్మ మరదలి చెయ్యి పట్టుకుని ఏడ్చి, సాయంత్రం రైలుకు వెళ్ళిపోయింది. కానీ అసలు ఫోటో చూసింది ఆవిడ ఒక్కతే కదా! భవాని దాన్ని అందరికీ పంపింది. వాళ్ళెవరూ దాన్ని ఇంకొకరికి పంపలేదు. అమ్మ నాలుగు తిట్టినా భవానికి కాస్త ఊపిరాడేది.

తర్వాత సెలవులకు వచ్చేసరికి దేముడమ్మ ఉతికిన మంచి చీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఎదుట పెద్ద కంచంలో తెల్లన్నం, పప్పు, కూర ఉన్నాయి. దారినపోయేవాళ్ళకు కనబడేలా కంచం ముందుకు జరిపి, అడగనివాళ్ళకు కూడా "మా కోడలు వండినాది" అని చెబుతోంది. ఎవరి కూపీ లాగడం లేదు. నాలుగు మెతుకులు కతికి, వీధి పలచబడ్డాక కంచం పట్టుకుని లోపలికి వచ్చింది.

వంటింటి మూల ఈశ్వరి పీట వేసి చోడంబలి గిన్నె పెట్టింది. ముసలమ్మ గోడ వైపు తిరిగి కూర్చుని గిన్నె అందుకుంది. ఒక గుటక వేసి ఆగింది.

"భవానీ, ఆ తలుపు దగ్గరికి లాగే" అంది. "ఎవులైనా సూస్తే మీయమ్మకి మాటొస్తాది."

భవాని లేచి వెళ్ళి తలుపు వేసింది.