చెడ్డమాట వినని కన్నబాబు

అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత కన్నబాబు పుట్టాడని జాలరిపేటలో అంటారు. పూర్ణా మార్కెట్లో తక్కెడ మీద అనుమానం, ఆటోవాడు తిప్పే దారి మీద అనుమానం. అలాంటి మనిషికి తుంటి పట్టేసింది. వల లాగుతుంటే లోపలేదో కలుక్కుమనేది, పడవలో నిలబడలేకపోయేవాడు. వేట మానేస్తే బతికేదెలా?

డాక్టరు నాగశ్రీ చిన్న బెజ్జాలు పెట్టి, కెమెరా దూర్చి, తుంటి కీల్లో చిరిగిన అంచుని కుడతానంది. అంతటితో ఊరుకుంటే ఎంత బాగుణ్ను!

"ఆపరేషన్లో కాలు సాగదీసి పెడతాం. కొన్నాళ్లు తిమ్మిరి ఉండొచ్చు. ఎప్పుడైనా కాల్లో రక్తం గడ్డకట్టొచ్చు కూడా. పిక్క వాచినా, నొప్పి పెట్టినా వెంటనే రండి" అంది.

కన్నబాబుకి ఆ మాటలు అపశకునంలా తోచాయి. పడవ నీట్లోకి తోసేటప్పుడు ఎవడైనా 'మునుగుతాది' అంటే తెడ్డు పుచ్చుకు తరిమే వంశం వాళ్లది.

"సాలు డాక్టరమ్మా! పని మొదలెట్టకముందే సెడ్డమాటలేటి?" అని చెవులు మూసుకున్నాడు. బయటికొచ్చి పెళ్లాం దేవితో, "ఏదో తేడా సేసీలాగుంది. తప్పు తన మీదికి రాకుండా ముందే సెప్పీసింది" అన్నాడు.

"నాను ఇన్నాన్లే మావా. నువ్వు సెవులు మూసుకునే ఉండు" అంది దేవి.

ఆపరేషన్ బాగానే అయింది. చేతికర్రలతో ఇంటికొచ్చాడు. అంతా సర్దుకుంటోందనుకుంటే ఒక పొద్దున్న పిక్క బిగుసుకుని వాచింది. మనవాడు నోరు విప్పాడా? అబ్బే! పైకంటే నిజమైపోతుందని పళ్లబిగువున ఓర్చుకుని, లుంగీ కిందికి లాగి కాలు కప్పుకున్నాడు.

అతని అనుమానం జబ్బు దేవికీ అంటుకున్నట్టుంది. ఉక్కకి ఎప్పుడూ లుంగీ ఎగ్గట్టుకునే మనిషి ఇలా ముసుగేసుకోవడమేంటని లాగి చూసింది. పిక్క లావెక్కి కాలిపోతోంది.

"సచ్చినోడా! సెప్పడానికి నోరేటైంది?" అని తిడుతూ, ఏడుస్తూనే ఆటో ఎక్కించింది.

స్కానులో గడ్డ కనబడింది. "ఇంకా ఆలస్యమైతే ఇది ఊపిరితిత్తుల్లోకి పోయేది. ప్రాణం పోయేది" అంటూ నాగశ్రీ మందు మొదలెట్టింది. "ఎందుకు చెప్పలేదు కన్నబాబు గారూ?"

అతడు దేవి వంక చూశాడు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. "తప్పయిపోనాది" అని సిగ్గుతో గొణిగాడు.

కొన్ని నెలలకి గడ్డ కరిగింది, నడక కుదురుకుంది. "అంతా బాగుంది. ఇక భయం లేదు, వెళ్లిరండి" అంది నాగశ్రీ నవ్వుతూ.

కన్నబాబు కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ ముఖంలోకి అనుమానంగా చూశాడు.

"అన్నీ మంచే సెప్తన్నారేటి డాక్టరమ్మా? సెడ్డది కూడా సెప్పండి. ఇంటాను."