ఎడమచేతి చాయ్ గ్లాసు

మా ఆయన జాజ్ గిటారిస్టు. పంతొమ్మిది వందల యాభైల్లో, హైదరాబాద్‌లోని మా లాల్‌దర్వాజాలో ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆయన, రెండోవారు ఆయన్ని తిట్టే మా మామగారు.

మామగారిది గుడి సేవ. కొడుకు సికింద్రాబాద్ హోటల్లో వాయిస్తుంటే సూటు దొరలు దొరసానుల నడుములు పట్టుకుని ఆడతారని చెబితే పిల్లనెవరిస్తారు? అందుకని పెళ్లిచూపుల్లో "దఫ్తర్ల నౌకరీ, సాయంత్రం డ్యూటీ" అన్నారు మా నాన్నతో. దేవుడి దగ్గర మనిషి కదా, అబద్ధం కూడా మంత్రంలాగే తడబడకుండా వచ్చింది.

నేను చాయ్ పట్టుకొచ్చాను. గాజు గ్లాసులు, అప్పుడే దించిన చాయ్. మామగారు కండువాతో పట్టుకున్నారు. పెళ్లికొడుకు మాత్రం కుడిచెయ్యి చురుక్కుమనగానే గ్లాసును ఎడమచేతి వేళ్ల కొనలకు మార్చి నిమ్మళంగా తాగాడు. నాకు అర్థమైపోయింది. నేను ఆరేళ్లుగా వీణ వాయిస్తున్నాను. తీగలు నొక్కి కాయలు కాచిన వేళ్లకే ఆ వేడి తెలియదు. ఫైళ్లు తిప్పితే అట్లాంటి వేళ్లు రావు.

లోపలికెళ్లగానే అమ్మ అడిగింది.

"ఏమంటవ్ బిడ్డా?"

"చేస్కుంట."

నిజం చెబితే సంబంధం పోతుందని నోరు మూసుకున్నాను. తీగలతో బతికే మనిషి ఇంట్లో నా వీణకు చోటుంటుందని ఆశ. అంతేగానీ ఆయన ముక్కు చూసి ఎవరూ ఒప్పుకోరు.

చోటా, మట్టా! కిరాయి ఇంట్లో రెండు గదులు, ఒక వంటిల్లు. ఒక గది మామగారిదీ ఆయన దేవుళ్లదీ. ఇంకో గదిలో మేమిద్దరం, మంచం పక్కన రాజులా గిటారు పెట్టె. నా వీణ నయాపూల్ దగ్గర పుట్టింట్లోనే ఆగిపోయింది. "ఇల్లు మారినంక తెద్దాం" అన్నారాయన. ఈలోగా నిజం తెలిసి మా నాన్న వచ్చి లొల్లి చేసి, చాయ్ తాగి వెళ్లాడు. మూడేళ్లలో మా ఆయనకు పేరొచ్చింది, కొత్త కోటొచ్చింది. ఇల్లు మాత్రం మారలేదు.

ఒకరోజు ఆయనకిద్దామని చాయ్ గ్లాసు ఎడమచేత్తో తీశాను. వేళ్లు భగ్గుమన్నాయి. గ్లాసు జారి పగిలింది. చూసుకుంటే ఏముంది, బియ్యం కడిగీ గిన్నెలు తోమీ నా కాయలన్నీ కరిగిపోయాయి. ఏడుపొచ్చేసింది. ఆయన నా చెయ్యి అందుకుని, వేళ్లు నిమిరి, "ఎంత మెత్తగైనయ్!" అని మురిసిపోయారు. నాకు ఒళ్లు మండింది.

"మీ వేళ్లు గిట్ల మెత్తగైతే మీకెట్లుంటది?" అన్నాను.

ఆయన తన వేళ్లు ఒకసారి చూసుకుని, చెప్పులేసుకుని బయటికెళ్లారు. అలిగారనుకున్నాను. రెండు గంటల తర్వాత గుమ్మం ముందు రిక్షా ఆగింది. రెండు చేతులా నా వీణను పట్టుకుని దిగారు. దాన్ని మంచం పక్కన పెట్టి, గిటారు పెట్టెను మోసుకెళ్లి ఊరగాయ జాడీల పక్కన నిలబెట్టారు.

"ఏందిరా గిది?" అన్నారు మామగారు.

"దఫ్తర్ సామాను బాపూ. జాగ మార్చిన."

ఆనాటి నుంచి ఆ హోటల్లో దొరసానులు ఆవకాయ వాసనకే ఆడారు. నేను మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాను. వేళ్లు బొబ్బలెక్కాయి, పగిలాయి, నెమ్మదిగా గట్టిపడ్డాయి. ఒక పొద్దున ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, పొగలు కక్కే గ్లాసులు ఎడమచేత్తో పట్టుకుని చాయ్ తాగుతున్నాం. మామగారు చూసి, ఎడమచేత్తో తాగితే ఇంటికి దరిద్రమన్నారు.

ఉంటే ఉండనీ అనుకుని ఇంకో గుక్క తాగాను.