బొట్టుబిళ్లల లెక్క

మొన్నటి చలికాలమంతా మా మేడమీది గదిలో ఒక పరిశోధక విద్యార్థిని ఉంది. గ్రంథాలయ శాస్త్రం చదువుతోందని చెప్పారు. నాకు ఆశ్చర్యమేసింది. పుస్తకంలో ఉన్నది చదివితే చాలదా, పుస్తకాల మీద మళ్ళీ చదువేమిటి? కాఫీ ఇచ్చే వంకతో పైకి వెళ్ళి ఆ మాటే అడిగాను.

"పుస్తకాల మీద కాదు ఆంటీ, చదివేవాళ్ళ మీద," అంది.

మా ఊరు నకరికల్లుకు దగ్గర. పంచాయతీ ఆఫీసు పక్కన రెండు గదుల్లో శాఖా గ్రంథాలయం ఉంది. కొత్త పుస్తకాలు వస్తున్నాయి, పెట్టడానికి చోటు లేదు. అందుకని గోడవారన ఉన్న పాత పుస్తకాల బీరువా ఖాళీ చేయాలనుకున్నారు. ఎవరూ చదవనివి పంపించేసి, చదివేవి ఉంచుతామని, అందుకు ఈ అమ్మాయి తేల్చిన లెక్కే చూస్తామని లైబ్రేరియన్ గారు చెప్పారట. ప్రతి పుస్తకం వెనకా ఒక చీటీ ఉంటుంది. ఇంటికి తీసుకెళ్ళినప్పుడల్లా దాని మీద తేదీ ముద్ర వేస్తారు. ఆ బీరువాలో చీటీలన్నీ దాదాపు తెల్లగా ఉన్నాయి.

"ముద్ర లేదంటే చదవనట్టే గదా ఆంటీ. మొత్తం పోవాల్సిందే," అంది.

ఆ మాట నాకు రుచించలేదు. మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉంది. చుట్టరికం లేదు, పిలుపే. తమ్ముడి ఇంట్లో ఉంటుంది. కంటి ఆపరేషన్ అయ్యాక కొత్త పుస్తకాల సన్నక్షరాలు ఆమెకు ఆనవు. ఆ పాతవాటిలో అక్షరం లావుగా ఉంటుంది. ఆ బీరువా పోతే ఆమెకు చదవడానికి ఇక ఏమీ ఉండదు.

"ఏమ్మాయ్, ఒక ఇంట్లో వండిన పులుసు ఆ ఇంట్లోవాళ్ళే తింటారనుకుంటున్నావా?" అన్నాను. ఒక్క ముద్రతో బయటికొచ్చిన పుస్తకం మా వీధిలో ఐదారిళ్ళు తిరిగితేగానీ వెనక్కి పోదు. గడువు దాటినా లైబ్రేరియన్ గారు ఏమీ అనరు.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువని నాన్న నన్ను మా కిరాణా కొట్లోనే కూర్చోబెట్టి, బేరం లేనప్పుడు పలక మీద అక్షరాలు దిద్దించాడు. చదవడం వచ్చాక చదవడానికి నాకు దొరికినవి అట్లా ఇల్లిల్లూ తిరిగే పుస్తకాలే. వాటిని ఎవరి పేరున తెచ్చారో నాకు తెలియదు. ఆ పుణ్యాత్ములెవరో గానీ, దీపం పెట్టేటప్పుడు ఇప్పటికీ వాళ్ళను తలుచుకుంటాను.

ఆ అమ్మాయి కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది. "అయితే ఎంతమంది చదివారో ఎట్లా తెలుస్తది ఆంటీ?"

సంతకాలు పెట్టమంటే ఆడవాళ్ళు బిడియపడతారు. నాకు ఒక ఉపాయం తోచింది. ఏ ఇంట్లో చూసినా అద్దం మీద నాలుగు బొట్టుబిళ్లలు అంటించి ఉంటాయి. పుస్తకం చివర తెల్లకాగితం అంటిద్దాం, చదివినవాళ్ళు ఒక బిళ్ల పెడితే సరి. పెన్ను దొరకని ఇల్లుంటుంది గానీ బిళ్ల దొరకని ఇల్లుండదు అన్నాను. ఆమె పొంగిపోయింది. నేనూ కాస్త పొంగానని ఒప్పుకోవాలి.

ఆ బీరువాలోంచి పన్నెండు పుస్తకాలు వీధుల్లోకి వెళ్ళాయి. ఒక్కొక్కటే తిరిగి వస్తుంటే ఇద్దరం చివరి పేజీ కోసం ఆత్రపడేవాళ్ళం. మెరూన్ రంగువి, రాళ్ళు పొదిగినవి, కాలేజీ పిల్లలు పెట్టుకునే ఆవగింజంత నల్లవి. ఒకదాంట్లో కాగితమంతా బిళ్లలే, ఖాళీ లేదు. ఆ ఇంటి కోడలు నవ్వుతూ వచ్చింది. "మా బుడ్డది అంటిచ్చింది అక్కా. అదీ చదివిందంట, రాసుకోండి."

మూడు పుస్తకాలు మాత్రం ఒక్క బిళ్ల కూడా లేకుండా వచ్చాయి. ఆ మూడూ నేను స్వయంగా పెద్దమ్మ చేతికిచ్చినవి, ఆమె దగ్గర్నుంచే నేరుగా వెనక్కి వచ్చినవి. అమ్మాయి వాటి ఎదురుగా సున్నాలు చుట్టింది.

"ఆమె చదివే ఉంటుందమ్మా."

"మీరు చెప్పారని రాస్తే మా గైడ్ ఒప్పుకోరు ఆంటీ. అందరికీ ఒకటే పద్ధతి ఉండాలి."

కంటికి ఆ లావు అక్షరమూ ఆనడం లేదేమోనని దిగులుతో వెళ్ళాను. పెద్దమ్మ వసారాలో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"ఆ మూడూ చదివావా పెద్దమ్మా?"

"చదవక, తలకింద పెట్టుకుని పడుకున్నా అనుకున్నావా?"

"మరి బిళ్ల పెట్టలేదేంది?"

ఆమె చేతిలో కాయ పక్కన పెట్టి నా మొహం చూసింది. "నాకాడ బిళ్లలు యాడివే? మీ పెదనాన్న పోయిన కాడి నుంచి నా అద్దం మీద ఉన్నయ్యా? తమ్ముడి కోడల్ని అడిగి తీసుకున్నా. పుస్తకమే గదా, నుదురు కాదు గదా అనుకున్నా. అయినా చెయ్యి రాలా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. నలభై ఏళ్ళుగా ఆమె నుదుట విభూతి చూస్తున్నదాన్ని, ఈ ఉపాయం చెప్పేటప్పుడు నాకు ఆ ముఖం ఎందుకు గుర్తు రాలేదు?

"తప్పు నాదే పెద్దమ్మా," అన్నాను.

"నీ తప్పు తర్వాత. మసీదు వీధికి కూడా పోతయ్యి గదా పుస్తకాలు, ఆళ్ళేం అంటిచ్చారంట?"

నేను తల వంచుకుని ఒక కాయ తొడిమ తీశాను. ఆమె మళ్ళీ కాయ అందుకుంది. "చదువుకున్న పిల్ల ఒకత్తి, చదువుకోని దానివి నువ్వు ఒకత్తివి, బాగానే కలిశారు. పుస్తకానికో దారం ఏలాడగట్టండి. చదివినోళ్ళు ముడేస్తారు. దారం లేని కొంప ఉండిద్దా?"

ఈ మాటలన్నీ మేడ మీదికి మోసుకెళ్ళి చెప్పాను. ఆ అమ్మాయి వారంలో అధ్యాయం ఒకటి రాసి పంపాలి. మళ్ళీ మొదలుపెడితే నెల పడుతుంది. బిళ్లల కాగితాలు ఒక్కొక్కటీ తిరగేసింది. తర్వాత వాళ్ళ గైడ్‌కు ఫోన్ చేసి, "నా పద్ధతి తప్పు సార్, సగంమంది అందులో లేరు," అని చెప్పింది. అవతల ఏమన్నారో వినపడలేదు గానీ చాలాసేపు "సారీ సార్" అంటూనే ఉంది. నా పేరు మాత్రం ఎత్తలేదు. ఆ మంచితనానికి నేను ఋణపడి ఉన్నాను.

రెండోసారి నెల పట్టింది. మసీదు వీధి నుంచి వచ్చిన పుస్తకాల దారాలకు ముడులు పూసల్లా ఉన్నాయి. పెద్దమ్మ దగ్గరి నుంచి వచ్చినదానికి వరసగా మూడు ముడులు. ముగ్గురు చదివారా అని అమ్మాయి వెళ్ళి అడిగింది.

"నేనే మూడుసార్లు చదివా."

"అప్పుడు ఒకటే వెయ్యాలి అమ్మమ్మా."

"మూడుసార్లు చదివి ఒకటే ఎందుకేస్తానే?"

అమ్మాయి నవ్వి, తర్వాత ఆలోచనలో పడింది. చివరికి నోట్సులో కొత్త గడి ఒకటి గీసి అందులో మూడు రాసుకుంది. మనుషుల్ని లెక్కపెట్టాలా, చదవడాన్ని లెక్కపెట్టాలా అని ఆ సాయంత్రం నన్నడిగింది.  ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

లైబ్రేరియన్ గారు ఆ దారాల పుస్తకాలను బల్లమీద పరిపించుకుని చూశారు. బీరువా ఉంటుంది, చెదపట్టిన నాలుగు మాత్రం పంపేస్తాను అన్నారు. ఆ మాట సంతోషంగా పెద్దమ్మకు చెప్పాను.

"ఆ నాలుగూ ఏయే?" అంది.

పేర్లు చెప్పాను. మూడోదాని దగ్గర ఆపింది. "అది నేను చదవలా."

వెంటనే గ్రంథాలయానికి బయల్దేరాను. ఆ నాలుగూ అప్పటికే గోతాంలో పడ్డాయి, మూతి ఇంకా కట్టలేదు. అడిగితే లైబ్రేరియన్ గారు దాన్ని బయటికి తీసి దులిపారు. అంచుల్లో అట్ట పొడిగా రాలింది, లోపల అక్షరాలు బాగానే ఉన్నాయి. చెద మిగతా బీరువాకు పాకకుండా ఎండలో పెట్టి మరీ పెద్దమ్మకు ఇవ్వమన్నారు. మా మేడ మీద రెండు రోజులు ఎండబెట్టాను. మూడో రోజు పొద్దున పెద్దమ్మే వచ్చి, మెట్ల దగ్గర నిలబడి, ఎండింది చాలు, ఇటియ్యవే అంది.