విలన్ తరఫున మాట్లాడిన మా పాప

బుజ్జమ్మా, నువ్వు పోయిన సంగతి అందరికీ తెలిసిపోయింది. ఇంక నువ్వెట్లాంటిదానివో చెప్పడమే మిగిలింది.

మా పాప పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మార్కాపురం ఆసుపత్రిలో కన్నుమూసింది. కిడ్నీల జబ్బు. మాది రాచర్ల పక్కన పల్లె. నేను కూలికి పోయే మనిషిని, బడికి పోయింది తక్కువ. రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. వచ్చినవాళ్లంతా "పాపం, ఎంత బాధ పడిందో" అంటున్నారు. పడింది, నిజమే. కానీ పాపం అనిపించుకునే పిల్ల కాదు అది. జనం దాన్ని జబ్బుతోనే గుర్తు పెట్టుకుంటారేమోనని నా భయం. అందుకే ఇది రాస్తున్నాను.

వారానికి రెండుసార్లు డయాలసిస్ ఉండేది. మా తమ్ముడికి ఆటో ఉంది, వాడే తీసుకుపోయేవాడు. మిషను పక్కన నాలుగు గంటలు పడుకోవాలి. సూది గుచ్చిన చెయ్యి కదపకూడదు. అందుకని మేనమామ ఫోను పట్టుకుంటే మేనకోడలు సినిమాలు చూసేది. ముసుగులు, ఎగిరే మనుషులు, కూలిపోయే మేడలు. ఏ దేశం సినిమా అయినా అందరూ తెలుగులోనే మాట్లాడేవాళ్లు.

అట్లాంటి ఒక సినిమా మీద వాళ్లిద్దరి తగువు ఎప్పటికీ తెగలేదు. అందులో విలన్‌ది నీళ్లు లేని ఊరు. వాళ్ల ఏరును మళ్లించి పట్నానికి ఇచ్చారని, ఆ పట్నాన్నే ముంచేస్తానంటాడు. హీరో ఎగురుకుంటూ వచ్చి ఆపుతాడు.

"నీళ్లడిగినోడు విలన్ ఎట్లయితాడు మామా?" అంది మా పాప.

"అడిగితే ఎవురు కాదన్నారు కోడలా? ముంచుతానంటే ఊరుకుంటారా?"

"ముంచకముందు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగినాడో!"

"తిరిగినాడని నీకెవురు చెప్పినారు?"

"చూపించలేదు గదా, అదే తప్పు. ఫైటింగులు ఒకటే సాగదీసినారు, వాని బాధ మాత్రం గబగబా తోసేసినారు."

"ఇంకా చూపించాలంటనా! ఇప్పటికే మూడు గంటలు. ఇంటర్వెల్ దాకా కథ కదల్లేదు. సగం కోసి పారేయొచ్చు."

"నీకు చెయ్యి నొప్పి పుట్టి సినిమా పెద్దదంటుండావ్. వచ్చి ఈ మంచం మీద పండుకో, అప్పుడు తెలుస్తాది. సినిమా అయిపోయినాక ఇంకో గంట నేను గోడను చూడాల."

పక్క మంచం మీది పెద్దాయన పకపకా నవ్వాడు. మార్కాపురంలో పలకల వ్యాపారం ఆయనది. మళ్లీ వచ్చేసరికి ఆయన కూడా ఆ సినిమా చూసుకొచ్చి విలన్ పక్షంలో చేరాడు. కొన్నాళ్లకు ఆ గదిలో సగం మంది అటు, సగం మంది ఇటు. సిస్టరమ్మ "బీపీలు పెరుగుతాయి, నోర్లు మూయండి" అని కసిరేది. బీపీ పట్టీ చుడుతూ మళ్లీ తనే, "అయినా వాణ్ణి అంత తొందరగా చంపాల్సింది కాదు" అనేది.

"విలన్ ఊరికే నవ్వితే సినిమా పోయినట్టే, వానికీ ఒక ఇల్లు వాకిలి ఉండాల" అనేది మా పాప.

మా క్రైస్తవుల్లో మనిషి పోయాక ఆదరణ కూటం పెడతాం. పాస్టరయ్యగారు ప్రార్థన చేసి, పాప గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఓర్పు గల బిడ్డ, నోట్లో నాలుక లేని బిడ్డ అన్నారు. ఎవరి పిల్ల గురించో వింటున్నట్టుంది నాకు. అప్పుడు తమ్ముడు లేచాడు.

"నోట్లో నాలుక లేకపోవడమేంది అయ్యగారూ! మార్కాపురంలో మొదలుపెడితే ఇల్లు చేరేదాకా ఆటోలో నాతో కొట్లాడేది. ఇప్పుడు గూడ చెప్తుండా, ఆ విలన్‌దే తప్పు."

"పిల్ల లేదని గెలుద్దామనుకుంటుండావా అబ్బాయ్?" అని వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. పలకల పెద్దాయన. ఒంట్లో బాగాలేని మనిషి అంత దూరం వచ్చిన సంగతి అప్పటిదాకా నేను చూసుకోనే లేదు. "ఆమె తరఫున నేనుండా."

పందిరంతా నవ్వింది. ఏ సినిమా, ఏంది కథ అని అందరూ అడిగారు. తమ్ముడు కళ్లు తుడుచుకుంటూనే కథ ఎత్తుకున్నాడు. అంతా విని పాస్టరయ్యగారు, "ఊరు ముంచడం పాపమే గానీ, ఏరు దోచినోళ్లను ఎవురూ అడగరేం?" అన్నారు. మా పాప పక్షానికి ఒకరు పెరిగారు.

"నీవేమంటావమ్మా?" అని నన్నడిగారు.

తమ్ముడికి కిరాయిలు తగిలిన రోజుల్లో పాప పక్కన ఫోను పట్టుకుని నేనూ ఆ సినిమా చూశాను.

"నాకేం తెలుసయ్యా. ఆ మూడు గంటల్లో వాడు ఒక్క ముద్ద తిన్నట్టు నేను చూళ్లేదు. కడుపు కాలితే ఎవురైనా అట్లనే అరుస్తారు. లేయండి, అన్నాలు చల్లారిపోతాండాయి."

అందరూ నవ్వుతూ లేచారు. తమ్ముడూ పెద్దాయనా మాత్రం పందిట్లో ఎదురెదురుగా నిలబడి ఇంకా వాదించుకుంటున్నారు. తమ్ముడి ప్లేటు అంచు మీదుగా పప్పుచారు కారి చొక్కా మీద పడుతోంది. వాడు చూసుకోవడం లేదు.

చదివినవాళ్లు మీరు కూడా వేళకు కడుపు నిండా తినండి.