అక్షరక్రమంలో ఆమె చోటు

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా ఆవిడ చనిపోయింది. అన్నం తిని పడుకుంది, లేవలేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. మేమిద్దరం ఒకే పత్రికలో, నరసరావుపేట డెస్కులో పనిచేశాం. నేను ఇన్‌ఛార్జిని, ఆమె సబ్ ఎడిటరు. కాబట్టి ఆ వార్త మా పేజీలోనే రావాలి. పేజీలు పెట్టే ఆపరేటరు ఫోన్ చేశాడు.

"సార్, హెడ్డింగులో కన్నుమూత అని పెట్టా. ఉంచమంటారా?"

"మృతి అని మార్చు."

"అది కూడా కొట్టి ఉంచా సార్. అక్క ఇదే అంటదని తెలుసు."

మా పత్రికల్లో చావుకి మెట్లున్నాయి. పెద్ద నాయకుడైతే అస్తమయం. కాస్త పేరున్నవాడైతే కన్నుమూత. కూలీ అయితే మృతి. ఆమె అందరికీ మృతి అనే పెట్టేది. "పోయినాక కూడా పెద్దా చిన్నా ఏందండీ" అనేది. నాయకుల మనుషులు ఫోన్ చేసి నన్ను తిట్టేవాళ్ళు. వాళ్ళకు జడిసి కొన్ని మార్చేవాణ్ణి. మర్నాడు ఆ పేజీ ఎర్ర గీతతో నా బల్ల మీద ఉండేది.

ఇది చదివేవాళ్ళలో కొందరు ఆమె దిద్దిన వార్తలు ఏళ్ళ తరబడి చదివే ఉంటారు. దిద్దినవాళ్ళ పేరు వేయరు కనక తెలియదు.

ఆమెది రెంటచింతల. ఏప్రిల్ వస్తే విలేకరులు "భానుడి ప్రతాపం" అని రాసి పంపుతారు. ఆమె కొట్టేసి "ఎండ" అని రాసేది. మాచర్ల విలేకరి ఒకసారి ఫోన్లో వాదన పెట్టుకున్నాడు.

"భానుడంటే బరువుంటది మేడమ్."

"మా ఊళ్ళో ఎండని ఎండే అంటాం. అయినా చానా కాలుద్ది."

డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివింది నేను. తెలుగు రాయడం నేర్పింది ఆమె. కొత్తగా చేరినవాళ్ళకు ఒక మాట తప్పకుండా చెప్పేది: "దిద్దిన ప్రూఫు దగ్గర పెట్టుకోకండి. వెంటనే పంపండి. లేకపోతే తప్పే అచ్చవుద్ది."

రెండేళ్ళ కిందట పైనుంచి కాగితం వచ్చింది. ప్రకటనలు తగ్గాయట. డెస్కులో ఎనిమిదిమందీ నెలకు పదిహేను రోజుల చొప్పున "విశ్రాంతి సెలవు" తీసుకోవాలి. ఆ రోజులకు జీతం ఉండదు. జాబితాలో పై నలుగురు ముందు మూడు నెలలు, కింది నలుగురు ఆ తర్వాత. జాబితా నేను రాయాలి. ఇన్‌ఛార్జిలకు మాత్రం సెలవు లేదు.

"విశ్రాంతి ఏంది?" అంది ఆమె అందరి ముందూ. "అలిసిపోయామని ఎవరన్నారు? జీతం లేని సెలవని రాయండి."

నేను పైనుంచి వచ్చిన మాటే ఉంచాను.

ఆ రోజు మెట్ల దగ్గర టీ తాగుతున్నవాళ్ళ మాటలు నా చెవిన పడ్డాయి. "సార్ ఆమె పేరు పై నలుగుర్లో రాస్తాడా ఏంది. మన పేర్లే గదా రాసేది" అన్నాడు ఆపరేటరు. "రాసినా ఆళ్ళకేందిరా. ఇంట్లో ఇంకో జీతం ఉందిగా" అన్నాడు పక్కనున్నవాడు. నవ్వుకున్నారు.

నేను లోపలికొచ్చి మొదటి పేరు ఆమెది రాశాను. రెండోది ఆపరేటరుది. ఆమెను ఒక్క మాట అడగలేదు. అప్పుడది న్యాయం అనుకున్నాను. వాళ్ళ నోళ్ళు మూయించాలనుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

సాయంత్రం బండి మీద వెనక కూర్చుని అడిగింది.

"నా పేరు మొదట పెట్టారే. ఏ లెక్కన?"

"అక్షరక్రమం" అన్నాను.

ఆమె పేరు 'హ'తో మొదలవుతుంది.

"అలాగా" అంది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

సెలవు రోజుల్లో కూడా పదింటికల్లా ఆఫీసు చీర కట్టుకుని, హాల్లో కూర్చుని ఆ రోజు మా పత్రికని ఎర్ర పెన్నుతో దిద్దేది. పక్కింటి పిన్నిగారు గుమ్మంలోంచి అడిగింది.

"ఏమే, ఆఫీసు లేదంటగా, ఆ చీరేంది?"

"ఆఫీసుంది పిన్నీ. నేనే లేను."

నేను ఇంటికొచ్చేసరికి దిద్దిన పత్రిక టీపాయ్ మీద ఉండేది. అది నాకోసమే పెట్టినట్టుండేది. విప్పకుండా తీసి గూట్లో పడేసేవాణ్ణి.

మూడు నెలలయ్యాక ఆ సెలవులు ఆపేశారు. కింది నలుగురికి వంతు రాలేదు. ఆమె తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఆపరేటరు నాతో పని మాటలే మాట్లాడేవాడు. ఆమెతో మాత్రం క్యారేజీ పంచుకునేవాడు. పోయిన నెల ఆమె శవం దగ్గర నా పక్కన చాలాసేపు నిలబడ్డాడు.

దినాలయ్యాక ఇంట్లో కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఫ్యాన్ వేస్తాను, ఆపుతాను. వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొస్తాను. మొన్న గూట్లోని పత్రికల కట్ట దించాను. నన్ను ఎక్కడైనా ఒక మాట అని ఉంటుందేమోనని ఒక్కో పేజీ చూశాను. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. అన్నీ పొల్లులు, వత్తులు, దీర్ఘాలు. ఒకచోట భానుణ్ణి కొట్టేసింది.

ఆమె ఎప్పుడు పెట్టిందో, అన్నిటికంటే అడుగున నేను రాసిన జాబితా కాపీ ఉంది.

పైన "విశ్రాంతి" కొట్టేసి "జీతం లేని" అని రాసింది. మొదటి పేరు చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది. ప్రూఫులో ఒక పంక్తిని జరపాలంటే మేము గీసే బాణం ఆ సున్నా దగ్గర మొదలై, మార్జిన్ వెంట దిగి, మిగతా ఏడు పేర్లూ దాటి, చివరి పేరు కింద ఆగింది. పక్కన చిన్న అక్షరాల్లో రాసింది: అక్షరక్రమం.

దిద్దినవన్నీ వెంటనే పంపే మనిషి ఇదొక్కటి పంపలేదు.

బాణం మొన దగ్గర పెన్ను కాసేపు ఆపినట్టుంది. అక్కడ సిరా చిక్కబడి కాగితానికి చిన్న చిల్లు పడింది. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే అందులోంచి వెలుతురు వస్తోంది.