అలలు విరగని చోటు

"చావడానికి అంత దూరం పోవల్లనా వదినా? ఈడ చెరువులు లేవా?"

"నోరు కడుక్కోప్పా అశ్వత్థప్పా! పుణ్యానికి పోతావుంటే ఏం మాటలవి?"

మినీ బస్సు అద్దం తుడుస్తున్న డ్రైవర్ సుధీర్ చెయ్యి ఆగిపోయింది. చందాపుర సర్కిల్లో పూలంగడి నడిపే భాగీరథమ్మతో ఆమె చెల్లెలి మొగుడు పట్టపగలు నడివీధిలో గొడవేసుకున్నాడు. బస్సుకు అడ్డంగా అతని స్కూటర్.

"పోయినేడు నా పెండ్లాం ఉప్పునీళ్ళు తాగి కండ్లు తేలేసింది. మల్లా పిలుచుకోని పోతావా? శశికళా, దిగు కిందికి!"

శశికళ దిగలేదు. కిటికీ ఊచ పట్టుకొని కూర్చుంది. ఆమె దిగితే తక్కిన ఆడవాళ్ళూ దిగిపోతారు. ఇక ఏ ఏడూ ఈ బస్సు కదలదు.

ప్రతి వేసవిలో ఒక అమావాస్యకు భాగీరథమ్మ ఈ వీధి ఆడవాళ్ళను సముద్రస్నానానికి పడమటి తీరాన ఉన్న కుమటా తీసుకుపోతుంది. పర్వదినాన తప్ప సముద్రాన్ని తాకకూడదని వాళ్ళ నమ్మకం. బస చేపల మార్కెట్ వెనక మేడమీది లాడ్జిలో. వాసన కొడుతుంది గానీ నీళ్ళకు కరువుండదు, తలుపులకు గడియలు గట్టివి. స్నానమయ్యాక సంతలో జడలల్లిన ఎర్ర ఉల్లిపాయల బేరం, సాయంత్రం రేవులో పడవలు చూడటం. ఏడాదంతా గార్మెంట్స్ మిషన్ల ముందు వంగిన నడుములు అక్కడ రెండు రోజులు నిటారుగా నిలబడతాయి.

పోయినేడాది తప్పు భాగీరథమ్మదే. చెరువుగట్టున పెరిగిన మనిషి. నీళ్ళు కదలని చోటే దిగాలని ఆమె లెక్క. అటూ ఇటూ అలలు విరుగుతుంటే, మధ్యలో నున్నగా ఉన్న సందు చూపించి "ఈడ దిగండి" అంది. సముద్రంలో అది నీళ్ళు వెనక్కి లాక్కుపోయే దారి. శశికళ కాళ్ళకింద ఇసుక జారింది. చూస్తుండగానే ఆమె తల దూరాన కొబ్బరికాయంత అయింది. వల లాగుతున్న బెస్తవాళ్ళు పడవ తోసి పట్టుకొచ్చారు. టీ అంగడి దగ్గరున్న సుధీర్ అరుపులు విని పరుగెత్తేసరికి అంతా అయిపోయింది.

"ఈసారి పూచీ ఎవురు?" అశ్వత్థప్ప అడిగాడు.



"ఎవురూ కాదు," అన్నాడు సుధీర్. లెక్చరర్ మొహం మీదే 'పాఠం మీకే రాదు' అని ఇంజనీరింగ్ వదిలేసి వచ్చినవాడు. "పెద్దమ్మకు సముద్రం తెలీదు. తెలిసినట్ల చేయి చూపిస్తాది. వీళ్ళు గొర్రెల మాదిరి దిగుతారు."



"నిజమే," అంది భాగీరథమ్మ. "నాకు తెలీదు. బెస్తోళ్ళు చూపిన తావునే, మోకాలి లోతుకే దిగుతాం."

"ఈడ చెప్తావు వదినా. ఆడ నీళ్ళు చూస్తానే నీ పెత్తనం నీకు వస్తాది."

శశికళ ఊచ వదలకుండా కిటికీలోంచి మొగుణ్ణే చూస్తోంది. ఆమె దిగదని అర్థమై అశ్వత్థప్ప స్కూటర్ పక్కకు తీశాడు.

భాగీరథమ్మ డ్రైవర్ తలుపు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"సుధీరా, ఆయప్ప చెప్పింది అబద్ధం కాదు. నున్నటి నీళ్ళు చూస్తే నా కాళ్ళు అటే పోతాయి. ఈసారి టీ అంగడికి పోవద్దప్పా. నా పక్కనే నిలబడు. నేను వేలు చూపించినానంటే, నాకు సముద్రం తెలీదని ఇప్పుడన్న మాటే వీళ్ళందరి ముందర మల్లా అనల్ల. గట్టిగా అనల్ల."