లీలాకుమారిగారి పదకొండో పేజీ

లీలాకుమారిగారు చదివి వినిపించే నవలలో ఎవరూ పది పేజీలకు మించి ఒంటరిగా ఉండటానికి వీల్లేదు. పదకొండో పేజీకల్లా ఎవరో ఒకరు వచ్చి తలుపు తట్టాలి. తట్టినవాళ్ల చేతిలో మూత పెట్టిన గిన్నె ఉండాలి. రచయిత ఒప్పుకున్నాడా లేదా అన్నది ఆవిడకు పట్టదు.

ఆవిడ లాలాగూడలో ముప్ఫైఒక్కేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. అల్వాల్‌లో ఫ్లాటు కొనుక్కుని వచ్చాక, ఆదివారం సాయంత్రాలు కింద పార్కింగ్‌లో కుర్చీలు వేయించి నవలలు వినిపించడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అప్పటికప్పుడు తెలుగులో చెప్పేస్తారు. అన్నీ కరీబియన్ దీవుల నవలలే. చెరకు తోటల్లో కూలి కోసం ఓడలెక్కి పోయినవాళ్ల మనవలు, అక్కణ్ణించి మళ్లీ లండన్‌కో టొరంటోకో వెళ్లి చలిలో వణికే కథలు.

"అంత దూరం కథలు మనకెందుకండీ?" అని మొదట్లోనే అడిగారు సుబ్బరాజుగారు. ఆయన భీమవరం నుంచి వచ్చి బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల హోల్‌సేల్ వ్యాపారం చేస్తున్నారు.

"ఈ బిల్డింగులో పుట్టిన ఊళ్లోనే ఉన్నవాళ్లు చెయ్యెత్తండి," అన్నారావిడ.

ఒక్క చెయ్యీ లేవలేదు. కథ మొదలైంది.

ఈ ఏడాది నవల రామ్‌దీన్ అనే దర్జీది. ట్రినిడాడ్ నుంచి లండన్ వచ్చి, అద్దె గదిలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతుంటాడు. ఒక ఆదివారం ఆవిడ, "వాళ్ల దీవిలో క్రిస్మస్‌కి ఎర్రటి షర్బత్ తాగుతారు. మన గోంగూరకు చెల్లెల్లాంటి మొక్క ఉంటుంది, దాని కాయల రేకలతో చేస్తారు," అన్నారు.

సుబ్బరాజుగారు కుర్చీలో ముందుకు జరిగారు. "గోంగూరతో షర్బతాండీ?"

"పంచదార వేసి. కాస్త అల్లం కూడా."

"పంచదార," అన్నారాయన నెమ్మదిగా. మళ్లీ కుర్చీలో వెనక్కి జరిగారు.

మూడో అంతస్తు యామినికి మాత్రం వేరే అనుమానం. ఆమెది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఇతరుల పనిలో తప్పులు పట్టినందుకు జీతమిస్తారు. ఆదివారం ఉచితంగా పట్టేది.

"టీచర్ గారూ, వానలో జమైకా నర్సు మిరియాల చారు తెచ్చింది. మంచులో బార్బడోస్ కండక్టరు చేపల కూర తెచ్చాడు. రామ్‌దీన్ ఆ గిన్నెలు తిరిగిచ్చాడా?"

"ఇచ్చాడమ్మా. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని రొట్టెలు పెట్టి మరీ ఇచ్చాడు."

"ఏ పేజీలో?"

"తిప్పేశాను."

వెనక వరసలో, మెట్ల పక్క కుర్చీలో ఇమాంబీ కూర్చునేది. జనగామ నుంచి కొడుకు అన్వర్ దగ్గరికి వచ్చిన పెద్దావిడ. ఆలస్యంగా దిగిన రోజు పక్కవాళ్లను ఒక్కటే అడిగేది: "ఇయ్యాల ఎవరొచ్చిండ్రు?"

యామిని ఉండబట్టలేక పుస్తకం తెప్పించుకుంది. రెండు రాత్రుల్లో చదివేసింది. మూడు చలికాలాల్లో రామ్‌దీన్ తలుపు తట్టింది ఒక్కడే, గ్యాస్ మీటరు చూసేవాడు. వాడి చేతిలో ఉన్నది గిన్నె కాదు, టార్చిలైటు.

శనివారం పొద్దున్నే తప్పుల జాబితాతో టీచరుగారింటికి వెళ్లింది. ఆవిడ మెడకు మఫ్లర్ చుట్టుకుని, ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నారు. గొంతు పూర్తిగా పోయింది.

"మీరు చెప్పిన పదిహేడుమందీ పుస్తకంలో లేరండీ."

"పద్దెనిమిది," అన్నారావిడ గుసగుసగా. "డొమినికా అమ్మాయిని వదిలేశావు."

"ఇది మోసం కదా టీచర్ గారూ."

ఆవిడ గ్లాసు కింద పెట్టారు. "మొదటి నవల ఉన్నదున్నట్టే చదివానమ్మా. గయానా నుంచి టొరంటో వెళ్లిన పంతులమ్మ కథ. 'ఆ చలికాలమంతా ఆమె తలుపు ఎవరూ తట్టలేదు' అన్నాను. ఇమాంబీ లేచి వెళ్లిపోయింది. చూస్తే మెట్ల మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. వచ్చి ఐదు నెలలైందట. కొరియర్ వాళ్లు తప్ప ఆ తలుపు ఎవరూ తట్టలేదట. నేనుండేది సరిగ్గా వాళ్ల పై ఫ్లాటులో. సిగ్గేసింది. మర్నాడు వెళ్లి తట్టాను. ఆ వాక్యం మాత్రం మళ్లీ నా నోట రాకూడదనుకున్నాను."

యామిని జాబితా మడిచింది. 

"రేపు నువ్వు చదువు," అన్నారావిడ. "ఉన్నదున్నట్టే చదువుకో. నీ ఇష్టం."

ఆదివారం యామిని ముందు కుర్చీలో కూర్చుంది. రామ్‌దీన్‌కు నూటమూడు జ్వరం. గదిలో నీళ్లిచ్చే దిక్కు లేదు. "అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది," అని చదివింది. తరవాతి వాక్యం కళ్ల ముందే ఉంది: ఆ అడుగులు తలుపు దాటి పైకి వెళ్లిపోయాయి. సుబ్బరాజుగారు ఊపిరి బిగబట్టారు. టీచరుగారు నేల చూస్తున్నారు. ఇమాంబీ ఒళ్లో చేతులు పెట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఆ అడుగులు," అంది యామిని, "తలుపు దగ్గర ఆగాయి."

"ఎవరండీ?" అన్నారు సుబ్బరాజుగారు.

యామినికి ఎవరూ తోచలేదు. ఎదురుగా ఆయనే కనిపించారు. "లండన్‌లో కూరగాయలమ్మే ఒకాయన. వంకాయ కూర తెచ్చాడు."

"గుత్తి వంకాయా, ముద్దకూరా?"

"గుత్తి వంకాయండీ."

"పుస్తకంలో ఉందా?"

"ఉందండీ."

ఆయన తృప్తిగా వెనక్కి వాలారు. లండన్ మీద ఆయనకు గౌరవం పెరిగింది.

అందరూ వెళ్లాక ఇమాంబీ కుర్చీలు మడతపెట్టడంలో సాయం చేసింది. "బిడ్డా, ఆ కితాబు మా మనవరాలు ఇల్మా ఫోన్ల సదివి జెప్పింది. ఆ దర్జీ తాన్కి ఎవ్వరు రారంట గద."

యామిని చేతిలో కుర్చీ అలాగే ఆగింది. "మీకు తెలుసా?"

"షురూల్నే తెల్సు."

"మరి టీచర్ గారికి చెప్పలేదేం?"

"ఎట్ల జెప్తా? ఒక్కతే ఉంటది. వారమంత కూసొని, ఎవర్ని పంపాలె, ఏం వండి పంపాలె అని సోంచాయిస్తది. మీ దిక్కు సలికాలం ఏం వండుతరని రోజు మా ఇంటికొచ్చి నన్ను సుత అడుగుతది. నాకు తెల్సంటే రాకడ బంద్ జేస్తది." ఇమాంబీ కొంగు సర్దుకుంది. "నువ్వు గూడ మంచిగనే జెప్పినవ్. గని జెర ఆలోచించు. నూటమూడు జొరమొచ్చినోనికి గుత్తొంకాయ ఎవరన్న పెడ్తరా? జావ పొయ్యాలె."

యామిని ఆ తప్పు ఒప్పుకుంది. బ్యాగులోంచి పెన్సిలు తీసి, పుస్తకం అంచున 'జావ' అని రాసుకుంది.